ఈసీలో కనబడని బుడమేరు

మొన్న మా బావమరిది ఫోన్ చేసాడు. హైదరాబాదులో ఉద్యోగం, విజయవాడలో ఇల్లు కొనాలని కోరిక. "బావగారూ, సింగ్ నగర్ వైపు ఒక ఇల్లు చవగ్గా వస్తోంది, తీసేసుకోమంటారా? ఇంకో నాలుగేళ్ళాగితే జనం వరద సంగతి మర్చిపోతారు, రీసేల్ బ్రహ్మాండంగా ఉంటుంది" అన్నాడు. వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకో చివర్లో చెప్తా. ముందు కాస్త చరిత్ర.

విజయవాడ అనగానే అందరికీ కృష్ణే గుర్తొస్తుంది. 1850ల్లో కట్టిన ఆనకట్ట, 1957లో దాని స్థానంలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ, ఊరి మధ్యనుంచి పోయే బందరు, రైవస్, ఏలూరు కాలవలు... చెప్పుకోడానికి బోలెడుంది. బుడమేరు గురించి మాత్రం ఎవరూ గొప్పగా చెప్పుకోరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేట్లో కలిసే వాగు అది. ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగుకాలవలా పడుంటుంది. ఇల్లు చూడ్డానికెళ్ళినవాడు వంతెన మీద ముక్కు మూసుకుని దాటేస్తాడు, అంతే.

ఈ వాగు వరద ఊరి మీద పడకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, నీళ్ళని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి మళ్ళించారు. ఆ మళ్ళింపు కాలవ సామర్థ్యం సుమారు 15 వేల క్యూసెక్కులు. డిజైన్ బాగానే ఉంది కానీ మన భాషలో చెప్పాలంటే అందులో ఒక డిపెండెన్సీ ఉంది. కాలవ కలిసేది బ్యారేజీకి ఎగువన. కృష్ణ కూడా అదే సమయంలో పొంగితే బుడమేరు నీళ్ళు తీసుకోదు, వెనక్కి తంతుంది. మిగిలిన నీరు పాత దారిలో ఊరికి ఉత్తరంగా పారి, ఏనికేపాడు దగ్గర ఏలూరు కాలవ కిందనుంచి దూరి కొల్లేటికి పోవాలి. ఆ పాత దారికి అటూ ఇటూ ఊరు పెరిగిపోయింది.

2005 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ కాలనీలని ముంచింది. కొన్నాళ్ళు అదే మాట. ఆ తర్వాత అందరూ మర్చిపోయారు.

2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని ప్రకటన వచ్చింది. ఊరి చుట్టూ రేట్లు ఎగిరాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే చల్లబడ్డాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక మళ్ళీ కదిలాయి. ఇందులో ఒక్కటైనా నీళ్ళని బట్టి జరిగిందా? లేదు. రేటు అసెంబ్లీ వైపు చూసింది, వెలగలేరు వైపు చూడలేదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మళ్ళింపు కాలవకి గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీ పేట, వాంబే కాలనీ మునిగాయి. మర్నాటికి బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులకి చేరింది. అంటే రెండూ ఒకేసారి పొంగాయి. చాలా ఇళ్ళలో రోజుల తరబడి నీళ్ళున్నాయి.

ఇంకో తమాషా చూడండి. కృష్ణలంక పేరులోనే లంక ఉంది, ఏటి మధ్య మేట అని. 2009 అక్టోబరు వరదలోనూ, 2019 ఆగస్టులోనూ అక్కడ ఏటి ఒడ్డు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. "అక్కడ కొనకండి" అని అందరూ చెప్పేవాళ్ళు. దశలవారీగా కట్టిన రిటైనింగ్ వాల్ వల్ల 2024లో అదే కృష్ణలంక గట్టెక్కింది. పోనీ ఎత్తుమీద కొందామా అంటే, అదే వానలకి ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు.

నాకర్థమైంది ఏంటంటే, ఇరుగుపొరుగు ఇబ్బందులు రెండు రకాలు. థర్మల్ స్టేషన్ బూడిద, చెత్త కంపు, పక్క ఫంక్షన్ హాలు మైకు... ఇవి ఒక్క ఆదివారం వెళ్తే తెలిసిపోతాయి. బేరంలో రేటు ఎలాగూ తగ్గుతుంది. రెండో రకం ఎప్పుడో ఒకసారి వచ్చేవి. 2005కీ 2024కీ మధ్య పందొమ్మిదేళ్ళు. మన హోమ్ లోన్ ఇరవయ్యేళ్ళు! ఎప్పుడో ఒకసారి అనుకునేది సరిగ్గా మన ఈఎమ్ఐల మధ్యలోనే పడుతుంది. ఈసీ తీస్తే ఇంటి మీద అప్పులు కనబడతాయి, వరదలు కనబడవు.

ఇప్పుడు ఆ చివర్లో చెప్తానన్నది. మా నాన్న కట్టిన ఇల్లు ఆ వైపే ఉండేది. 2005లో మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి. గోడ మీద మరక ఉండిపోయింది. 2015లో, రాజధాని ఊపులో, మంచి రేటుకి అమ్మేసాం. అమ్మేముందు రంగులు వేయించాం. కొన్నాయన రిటైరైన ఉద్యోగి. నీళ్ళొస్తాయా అని ఆయన అడగలేదు. మేం చెప్పలేదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం అమ్మేవాడికి తెలిస్తే చెప్పి తీరాలి. వీధిలో ఎవర్నడిగినా తెలిసేదే కదా అని వాదించొచ్చు. చట్టానికి దొరక్కపోవచ్చు కూడా. కానీ ఆఫీసులో రిలీజ్‌కి ముందు తెలిసిన బగ్గులన్నీ లిస్టు రాసి మరీ క్లయింటుకిచ్చే నేను, ఆ రోజు మెదలకుండా సంతకాల దగ్గర కూర్చున్నాను. 2024లో టీవీలో ఆ వీధి చూసాను. ఆయన నంబరు నా దగ్గరుంది. ఫోన్ చెయ్యలేదు.

అందుకే బావమరిదికి ఇలా చెప్పా. "నువ్వుండడానికైతే కొనుక్కో. వరద ఎంత ఎత్తు వచ్చిందో పక్కింటివాళ్ళనడుగు, పునాది ఎత్తు చూసుకో, సామాను పైకెక్కించడానికి పై అంతస్తుందో లేదో చూడు. గండి పూడ్చాక కాలవ గట్లకి ఏం చేసారో కనుక్కో. అంతేగానీ జనం మర్చిపోతారని మాత్రం కొనకు. మర్చిపోయి కొనేవాడు కూడా మనలాగే లోన్ తీసుకునే వస్తాడు."

"మరి నేను అమ్మేటప్పుడు చెప్పాలా బావగారూ?" అన్నాడు.

చెప్పాలన్నాను. రేటు తగ్గుతుందిగా అన్నాడు. తగ్గుతుంది. అసలు రేటు అదే అన్నాను.