విజయదుర్గం అరుగు, గుంటూరు గ్రహణం



మొన్న సెలవుల్లో మన సంఘం కుటుంబాలు కొన్ని కలిసి, అద్దె కారవాన్‌లలో ముంబై నుంచి కొంకణ తీరం వెంట మాల్వణ్ దాకా వెళ్లొచ్చాం. ఈ తీరంలో రోడ్డు తిన్నగా సాగదు. కొండ ఎక్కి దిగితే ఖాడీ. కొన్నిచోట్ల బండిని ఫెర్రీ మీద దాటించాలి. ఖాడీ లోపల ఓడలకు అలల నుంచి రక్షణ ఉంటుంది కాబట్టి, దాని ముఖద్వారం ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వారిది. ఇక్కడ ఇన్ని కోటలు ఉండడానికి కారణం అదే. మురుడ్ దగ్గరి జంజీరాను మరాఠాలు ఎన్నడూ గెలవలేకపోయారు. 1664లో శివాజీ మాల్వణ్ ఎదుట సింధుదుర్గం కట్టడం మొదలుపెట్టాడు. విజయదుర్గంలో ఉన్న తుళాజీ ఆంగ్రే నౌకాదళం 1756లో ఇంగ్లీషువారి దాడిలో కాలిపోయింది.

ఆ విజయదుర్గం కోటలోనే 'సాహెబాచే కట్టే' అనే అరుగులు ఉన్నాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వేళ లాకియర్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇక్కడి నుంచే హీలియం కనిపెట్టాడని స్థానికంగా చెబుతారు. మా పిల్లలు అదే రాసుకున్నారు. కానీ ఆ రోజు లాకియర్ ఇండియాలోనే లేడు. అక్టోబరులో, గ్రహణం లేకుండానే, ఇంగ్లండ్‌లో సూర్యుడి అంచును పరిశీలించాడు.

అదే గ్రహణాన్ని మన గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ చూశాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిరేఖలు ఎంతో ప్రకాశంగా కనిపించడంతో, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని గ్రహించి మర్నాడే చూశాడు. బందరులో మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ పరిశీలించాడు. జాన్సెన్, లాకియర్ లేఖలు పారిస్ అకాడమీకి ఒకే రోజున చేరాయి. ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి బొమ్మలతో పతకం వేయించింది.

అలాగని "హీలియం గుంటూరులో పుట్టింది" అని మనం చాటుకోవడమూ సరికాదు. ఆ పసుపు రేఖ సోడియంది కాదని, కొత్త మూలకానిదని తేల్చడంలో లాకియర్ పాత్ర పెద్దది. భూమి మీద హీలియం దొరికింది 1895లో, రామ్సే చేతికి.

మనం మరాఠీ గడ్డ మీద తరాలుగా బతుకుతున్నాం. ఈ కోటలూ మనవే, గుంటూరూ మనదే. రెండింటి గురించీ పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెబుదాం. వచ్చే ఆగస్టు 18న సంఘం హాల్లో ఈ కథ చెప్పుకుందామా? మీ మాట రాయండి.