రాతి క్వారీ నుంచి స్థానిక అడవి వరకు: ఆరావళి జీవవైవిధ్య పార్కు

చరిత్ర రచనకు శాసనాలు, నాణేలు, లిఖిత పత్రాలు ఆధారాలని మీకు తెలుసు. ఒక అడవి కూడా చారిత్రక ఆధారం కాగలదా? గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య పార్కు ఈ ప్రశ్నకు సమాధానమిస్తుంది.

ఢిల్లీ పొలిమేరలో సుమారు 390 ఎకరాలలో విస్తరించిన ఈ స్థలంలో పూర్వం రాతి క్వారీలు, కంకర మిల్లులు నడిచేవి. ఆరావళి కొండలలో తవ్వకాలపై సుప్రీంకోర్టు 2002లో ఆంక్షలు విధించింది. 2009లో గురుగ్రామ్, ఫరీదాబాద్, మేవాత్ ప్రాంతాలలో వాటిని నిలిపివేసింది. అయితే తవ్వకం ఆగినంత మాత్రాన అడవి తిరిగి రాలేదు. గుంతలు, మట్టి కొట్టుకుపోయిన రాతినేల, దానిని కమ్ముకున్న సర్కారు తుమ్మ మిగిలాయి.

సర్కారు తుమ్మ మీకు తెలిసిన చెట్టే. అమెరికా ఖండానికి చెందిన ఈ చెట్టును బ్రిటిష్ పాలనలో, 19వ శతాబ్దం చివరి భాగంలో, మన కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. ఇది విస్తరించిన చోట స్థానిక మొక్కలు ఎదగడం కష్టం. కాబట్టి పచ్చగా ఉన్న ప్రతి నేలా అడవి కాదని గమనించండి.

2010లో ఐ యామ్ గుర్గావ్ అనే పౌర సంస్థ, నగరపాలక సంస్థ కలిసి పునరుద్ధరణకు పూనుకున్నాయి. ఏ చెట్లు నాటాలన్నది మొదటి సమస్య. తవ్విన నేలలో పాత అడవి జాడ దాదాపు లేదు. ఆ జాడ సమీపంలోని మాంగర్ బనీలో దొరికింది. గ్రామస్థులు ఒక బాబా పేరిట, కొమ్మ నరకకుండా తరతరాలుగా కాపాడుకున్న పవిత్ర వనమిది. ప్రకృతి నిపుణుడు విజయ్ ధస్మానా ఆధ్వర్యంలో ఆరావళి అడవుల నుంచి విత్తనాలు సేకరించి, నర్సరీలో మొలకెత్తించి ధౌ, అందుగు, మోదుగ వంటి చెట్లను పెంచారు. వేలాది పౌరులు, విద్యార్థులు మొక్కలు నాటారు. నేడు ప్రజలు అక్కడి కాలిబాటల వెంట నడుస్తూ పక్షులను చూస్తున్నారు.

ఈ పార్కు గుండా రహదారి వేయాలన్న ప్రతిపాదనను పౌరులు వ్యతిరేకించారు. 2022 ఫిబ్రవరిలో, రక్షిత ప్రాంతాల వెలుపల జీవవైవిధ్యాన్ని కాపాడుతున్న స్థలంగా దేశంలో మొదటి గుర్తింపు దీనికే లభించింది. అయితే ఆ గుర్తింపు దానంతటదే కొత్త చట్టరక్షణ కల్పించదు. మాంగర్ బనీని నిలిపినది గ్రామస్థుల కట్టుబాటు. ఈ పార్కును నిలపవలసినది కూడా ప్రజల పట్టుదలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ప్రాంతంలో పూర్వపు వృక్షసంపదకు ఆధారంగా నిలిచే గుడితోపు లేదా గుట్ట ఏది? దానిని ఎవరు, ఎలా కాపాడుతున్నారు?