నల్లద్దం నంబరు: చిక్కడపల్లి చుట్టుపక్కల వెల్డింగ్ కంటి కాపుదల

వెల్డింగ్ హెల్మెట్‌లో బిగించే అద్దానికి రెండు పనులున్నాయి. కంటికి కనబడని అతినీలలోహిత, పరారుణ కిరణాలను అది ఆపాలి. కనబడే వెలుగును మాత్రం పని కనిపించేంత మేరకే తగ్గించాలి. మొదటి పని అద్దంలో కలిపిన పదార్థాల వల్ల జరుగుతుంది. రెండోది ఎంతవరకు జరుగుతుందో అద్దం మీద వేసిన నంబరు చెబుతుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల, నల్లగా ఉంటే చాలు కంటికి భయం లేదన్న నమ్మకం పనివాళ్లలో చాలాకాలం నిలిచింది. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాల్లో ఆ నమ్మకానికి దాదాపు ముప్పావు శతాబ్దం చరిత్ర ఉంది.

వెల్డింగ్ ఆర్క్ వెలుగు మొదట పుట్టింది రెండు కార్బన్ కడ్డీల మధ్య. 1881 ప్రాంతంలో రష్యా సామ్రాజ్యానికి చెందిన నికొలాయ్ బెనార్దోస్ కార్బన్ కడ్డీకి, లోహానికి మధ్య ఆర్క్ లేపి ఆ వేడితో ఇనుమును అతికించాడు. 1888లో నికొలాయ్ స్లావ్యానొవ్ కార్బన్‌కు బదులు తానే కరిగి అతుకులో కలిసిపోయే లోహపు కడ్డీ వాడాడు. 1907లో స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి పూత పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు గ్రిల్ షాపులో హోల్డరుకు తగిలించే రాడ్డు ఆ వంశంలోదే. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి మండించే గ్యాస్ వెల్డింగ్ టార్చి ఫ్రాన్స్‌లో 1903 నాటికి తయారైంది. గ్యాస్ మంట వెలుగు ఆర్క్ ముందు చాలా చిన్నది. అందుకే ఒకదానికి కట్టిన అద్దం రెండోదానికి పనికిరాదు.

కంటి అద్దం మీద శాస్త్రీయమైన పని వెల్డింగ్ కోసం మొదలుకాలేదు. కొలిమి ముందు ఏళ్ల తరబడి నిలబడే గాజు కార్మికులకు కంట్లో శుక్లాలు రావడం బ్రిటన్‌లో చర్చకు వచ్చింది. రాయల్ సొసైటీ ఆ విషయాన్ని పరిశీలించమన్నప్పుడు సర్ విలియం క్రూక్స్ మూడు వందలకు పైగా గాజు మిశ్రమాలు కరిగించి చూశాడు. ఆ ఫలితాలు 1914లో అచ్చయ్యాయి. సీరియం కలిపితే అతినీలలోహితం ఆగుతుందని, ఫెర్రస్ రూపంలోని ఇనుము వేడి కిరణాలను అడ్డుతుందని ఆయన తేల్చాడు. పాత వెల్డింగ్ అద్దాలు ముదురు ఆకుపచ్చగా కనబడటానికి ఆ ఇనుమే ముఖ్య కారణం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో విలియం కోబ్లెంట్జ్ మార్కెట్లో దొరికే రక్షణ అద్దాలను ఒక్కొక్కటిగా కొలిచి, చూడటానికి ఒకేలా ఉన్న అద్దాలు పరారుణాన్ని ఆపడంలో ఎంత తేడాగా ఉంటాయో చూపించాడు. రంగు చూసి అద్దం కొనకూడదనడానికి ఆధారం అప్పటినుంచీ ఉంది.

చిక్కడపల్లి ప్రాంతానికి ఆర్క్ వెలుగుతో పరిచయం కేవలం వెల్డింగ్ షాపుల వల్ల రాలేదు. నారాయణగూడలో దీపక్, శాంతి సినిమా హాళ్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య, ఓడియన్: ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని హాళ్లున్న చోటు నగరంలో మరొకటి ఉండేది కాదనే చెప్పాలి. జినాన్ దీపాలు రాకముందు సినిమా తెర మీద పడే వెలుగు కార్బన్ ఆర్క్‌దే. ప్రొజెక్టర్ వెనుక ఉండే దీపపు పెట్టెలో రాగిపూత వేసిన రెండు కార్బన్లు ఎదురెదురుగా మండుతూ అరిగిపోతుంటే, వాటి మధ్య దూరం సరిచూడటం ఆపరేటర్ పని. అందుకోసం పెట్టె తలుపుకు చిన్న నల్లద్దం బిగించి ఉండేది. బెనార్దోస్ ఇనుము అతికించిన వెలుగుకీ, హాల్లో బొమ్మ చూపించిన వెలుగుకీ పుట్టుకలో తేడా లేదు. తేడా అంతా అమరికలో ఉంది. ప్రొజెక్టర్ గదిలో అద్దం యంత్రంతోపాటే వచ్చేది, దీపం మూసిన తలుపు వెనుకే మండేది, ఆపరేటర్ దాన్ని ఎంచుకోనక్కర్లేదు. వెల్డింగ్‌లో యంత్రం ఒకచోట, అద్దం మరోచోట కొనాలి. కంటి కష్టాలు చాలావరకు ఈ ఎడంలోంచే పుట్టాయి.

నంబరు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. అద్దంలోంచి ఎంత వెలుగు లోపలికి వస్తుందో లెక్కగట్టి ఆ నంబరు ఇస్తారు. ఒక్కో నంబరు పెరిగినప్పుడల్లా లోపలికి వచ్చే వెలుగు సుమారు 2.7 రెట్లు తగ్గుతుంది. 10 నంబరు అద్దం దాదాపు 7,200 వంతుల్లో ఒక వంతు వెలుగునే వదులుతుంది. 11 నంబరు 19,000 వంతుల్లో ఒకటి, 12 నంబరు 52,000 వంతుల్లో ఒకటి. 9కీ 12కీ మధ్య అంకెల్లో తేడా మూడే అయినా వెలుగులో తేడా 19 రెట్లు. ఈ లెక్క తెలియనివాళ్లు ఒక నంబరు అటూఇటూ అయితే ఏమవుతుందిలే అనుకుంటారు. తీరా 12 బిగించి సన్నరాడ్డుతో కూర్చుంటే అతుకు కనబడక, షీల్డు పక్కనుంచి తొంగిచూస్తారు. మరీ ముదురు అద్దం చేసే హాని అదే: కంటిని మంటకు నేరుగా ఎదురు పంపుతుంది.

పరిశ్రమల వైపు చూస్తే, చిక్కడపల్లికి తూర్పున నిజాం పాలనలో ఏర్పడిన ఆజామాబాద్ పారిశ్రామికవాడ, అందులో 1930లో కంపెనీగా నమోదైన వజీర్ సుల్తాన్ టొబాకో (వీఎస్‌టీ) ఉన్నాయి. అశోక్‌నగర్‌కు ఉత్తరాన కవాడిగూడలో 1943లో ప్రాగా టూల్స్ పుట్టింది. నిజాం స్టేట్ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ తెరిచింది. ఆ వారసత్వంతోనే 1958లో ఏర్పడిన ఆర్టీసీ తన పేరును క్రాస్‌రోడ్స్‌కు ఇచ్చింది. కార్ఖానాలు, బస్సులు ఉన్నచోట అతుకు పని ఉండక తప్పదు. ఇలాంటి పెద్ద సంస్థల్లో అద్దం స్టోర్‌లో ఉంటుంది, నంబరు చూసే సూపర్‌వైజరు ఉంటాడు, తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు ఉంటాడు.

1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షను కంటి రక్షణకు సంబంధించినది. ఎగిరిపడే తునకల వల్లగానీ, మితిమీరిన వెలుగు వల్లగానీ కంటికి ముప్పున్న పనుల్లో తగిన తెరలు, కళ్లజోళ్లు ఇవ్వాలని నిబంధనలు చేసే అధికారం అది ప్రభుత్వానికి ఇచ్చింది. వెల్డింగ్‌లో కంటికి, ముఖానికి వాడే సామగ్రికి భారత ప్రమాణాల సంస్థ 1967లో ఐఎస్ 1179 అనే ప్రమాణం ప్రచురించింది. కాగితం మీద ఇంతకంటే కావలసింది లేదు. కానీ ఆ చట్టం ప్రకారం కరెంటు వాడేచోట పది మంది పనిచేస్తేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. సందు మొదట్లో ఒక ఉస్తాదు, ఇద్దరు కుర్రాళ్లు నడిపే షాపు దాని కిందకి వచ్చేది కాదు. 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. అంటే గీత చిన్న షాపులకు మరింత దూరం జరిగింది. కంటి విషయంలో ఇది ముందడుగని చెప్పడం కష్టం.

ఆ చిన్న షాపులు ఎలా పెరిగాయో చెప్పాలంటే ఇళ్ల గురించి చెప్పాలి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా జిల్లాల నుంచి వచ్చిన ఉద్యోగుల కుటుంబాలు చిక్కడపల్లి, అశోక్‌నగర్, గాంధీనగర్ వైపు ఎక్కువగా స్థిరపడ్డాయి. పాత ఇళ్ల కిటికీల్లో చెక్క చట్రానికి బెజ్జాలు పెట్టి నిలువు ఊచలు దూర్చేవారు, అతుకు పని అవసరమే ఉండేది కాదు. పట్టీలు, చదరపు ఊచలతో పూలూ వలయాలూ అల్లిన గ్రిల్లు వచ్చాక ప్రతి కిటికీకీ పదుల అతుకులు పడ్డాయి. తర్వాత గేట్లు, మెట్ల రైలింగులు, వరండా జాలీలు. 1980ల నుంచి ఆ ఇళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతూ వచ్చేసరికి పని మరీ పెరిగింది. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చాక ఇనుప మంచాలు, బోర్డుల చట్రాలు, మిద్దె మీద రేకుల షెడ్లు కూడా తోడయ్యాయి.

ఈ షాపుల్లో చాలాకాలం ఏలింది చేత్తో పట్టుకునే షీల్డు. ఫైబరు పలక, కింద పిడి, మధ్యలో నల్లద్దం, దాని ముందు నిప్పురవ్వలను కాచుకునేందుకు ఒక మామూలు తెల్ల అద్దం. అద్దం ఎంత మంచిదైనా ఈ షీల్డు పనివాడి చేతుల్లో ఒకదాన్ని లాగేసుకుంటుంది. కుడిచేతిలో హోల్డరు, ఎడమచేతిలో షీల్డు ఉంటే ఊచను ఎవరు పట్టుకోవాలి? అందుకని టాకా (ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకు) వేసేటప్పుడు షీల్డు కిందపెట్టి, ఊచ పట్టుకుని, కళ్లు మూసుకుని రాడ్డు తాకించడం అలవాటైంది. కుర్రాడు ఊచ పట్టుకుంటే ముఖం పక్కకు తిప్పుకోవడం వాడి అలవాటు. కన్ను దెబ్బతినేది ఎక్కువగా ఇలాంటి క్షణాల్లోనే. పొడవాటి అతుకు వేసేటప్పుడు షీల్డు ఎలాగూ అడ్డం ఉంటుంది. తలకు తగిలించే హెల్మెట్ ఈ చిక్కు తీర్చగలదు. కానీ మెడ విదిలించి దాన్ని దించినప్పుడు, ఆర్క్ లేచేదాకా అంతా చీకటే. టాకా వేయాల్సిన గుర్తు తప్పుతుందని చాలామంది దాన్ని పక్కన పెట్టారు.

వెలుగు కొట్టిన కన్ను వెంటనే నొప్పెట్టదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, సాధారణంగా అర్ధరాత్రి, కంట్లో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. నీళ్లు కారతాయి, దీపం చూడలేరు. అతినీలలోహితం కంటి నల్లగుడ్డు మీది పొరను కాల్చడమే దీనికి కారణం. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఆ పొర తిరిగి కట్టుకుంటుంది. ఆ రాత్రి కంటి మీద బంగాళదుంప చక్రాలో, కీరదోస ముక్కలో పెట్టుకోవడం పనివాళ్లలో ఉన్న చిట్కా. చల్లదనానికి కాస్త హాయిగా ఉంటుందేమోగానీ గాయం మానేది దానివల్ల కాదు. తెల్లారేసరికి తగ్గిందంటే ఆ ఖ్యాతి దుంపకు దక్కేది, నల్లద్దం కొనే పని మళ్లీ వాయిదా పడేది. పరారుణం చేసే చెరుపు ఇలా రాత్రికి రాత్రి తెలియదు, ఏళ్లు పడుతుంది. క్రూక్స్ పరిశోధనకు కారణమైన గాజు కార్మికుల శుక్లాలు అలాంటివే.

అద్దాలు దొరికేది హార్డ్‌వేర్ దుకాణాల్లో. నగరంలో ఈ సరుకుకు పెద్ద బజారు సికింద్రాబాద్ రాణీగంజ్. అక్కడ చాలాకాలం అడిగే మాట ‘బ్లాక్ గ్లాస్’ అనే, నంబరు అడిగేవాళ్లు తక్కువ. గ్యాస్ కటింగ్‌కు 3 నుంచి 5, పల్చటి రేకుల గ్యాస్ వెల్డింగ్‌కు 4 లేదా 5 సరిపోతాయి. వీటికి గుండ్రటి అద్దాల కళ్లజోడు వాడతారు. ఆ జోడు పెట్టుకునే ఆర్క్ వెల్డింగ్ కూడా చేసేయడం వీధుల్లో ఇప్పటికీ కనిపించే ప్రమాదకరమైన అలవాటు. ఎండకు పెట్టుకునే చలువ కళ్లద్దాలతో చేసేవాళ్లూ ఉన్నారు. ఆర్క్ ముందు వాటి నలుపు నలుపే కాదు. పైగా ఈ రెండిట్లోనూ ముఖం, మెడ బయటే ఉండి ఎండలో కమిలినట్టు కాలుతాయి.

పని పద్ధతిలో అసలైన మార్పు తెచ్చింది దానంతట అదే నల్లబడే అద్దం. స్వీడన్‌కు చెందిన హోర్నెల్ సంస్థ 1981లో స్పీడ్‌గ్లాస్ పేరుతో దాన్ని విడుదల చేసింది. లోపల ద్రవ స్ఫటికపు పొరలుంటాయి. మామూలుగా 3 లేదా 4 నంబరంత పల్చగా ఉండి, ఆర్క్ లేవగానే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ కాలంలో 9 నుంచి 13 దాకా పెట్టుకున్న నంబరుకు మారుతుంది. ముందు పొర అతినీలలోహితాన్నీ పరారుణాన్నీ ఎల్లవేళలా ఆపుతుంది కాబట్టి బ్యాటరీ అయిపోయినా ఆ రక్షణ పోదు. కనబడే వెలుగు మాత్రం కళ్లు చెదరగొడుతుంది. టాకా గుర్తు ముందే కనబడటం, ఎడమచెయ్యి ఖాళీగా ఉండటం అనే రెండు లాభాలు గ్రిల్ పనికి సరిగ్గా సరిపోయాయి. చేత్తో మోసుకెళ్లే ఇన్వర్టర్ మెషీన్లు నూనెతో నిండిన బరువైన ట్రాన్స్‌ఫార్మర్లను తోసేశాక, చవక రకం ఆటో హెల్మెట్లు కూడా వాటి వెంటే షాపుల్లోకి వచ్చాయి. వీటిలో ప్రమాణం ముద్ర లేనివీ ఉన్నాయి. అవి నల్లబడటం కంటికి కనిపిస్తుంది, అతినీలలోహితాన్ని ఆపుతున్నాయో లేదో కనిపించదు.

ఈ ప్రాంతంలో ఇటీవలి పెద్ద ఉక్కు పని ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా కట్టిన ఉక్కు వంతెన. అశోక్‌నగర్ మీదుగా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర 2020 ఫిబ్రవరిలో మొదలైన మెట్రో మార్గానికి కూడా పైగా సాగిన ఈ వంతెనను 2023 ఆగస్టు 19న ప్రారంభించి నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఇలాంటి వంతెనల దూలాలను యార్డుల్లో సాధారణంగా ఫ్లక్స్ పొడి కింద ఆర్క్ దాగి ఉండే పద్ధతిలో అతుకుతారు. అందులో వెలుగు బయటికే రాదు కాబట్టి ముదురు అద్దం అక్కర్లేదు. ఆ వంతెన నీడలో ఉన్న గ్రిల్ షాపుకు ఆ సౌకర్యం లేదు, అక్కడ ఆర్క్ బాహాటంగానే మండుతుంది.

గ్రిల్ షాపులో వాడేది ఎక్కువగా 2.5, 3.15 మిల్లీమీటర్ల రాడ్లు, 60 నుంచి 130 ఆంపియర్ల కరెంటు. 60 నుంచి 160 ఆంపియర్ల మధ్య రాడ్డు వెల్డింగ్‌కు అమెరికన్ ప్రమాణాలు 10 నంబరును సిఫారసు చేస్తాయి, 8 కంటే తక్కువ వాడకూడదంటాయి. దాదాపు అదే కరెంటులో ఆర్గాన్ వెల్డింగ్‌కు పొగ తక్కువ, ఆర్క్ స్పష్టం కాబట్టి సిఫారసు 12కు పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు రైలింగులు చేసే షాపులు దీన్ని గుర్తుంచుకోవాలి. ఎంచుకునే తీరు సులువే: ముదురు నంబరుతో మొదలుపెట్టి, కరిగిన లోహపు గుంట స్పష్టంగా కనబడేదాకా ఒక్కొక్క నంబరు దిగిరావాలి, కనీస నంబరు దాటి దిగకూడదు. నలభై దాటిన పనివాడు అతుకు కనబడలేదని పల్చటి అద్దానికి మారుతుంటే తప్పు నంబరుది కాకపోవచ్చు. నల్లద్దం వెనుక బిగించే భూతద్దం ఆ లోటు తీరుస్తుంది. షాపు యజమాని కొనవలసింది నంబరూ ప్రమాణం ముద్రా రెండూ ఉన్న అద్దం, తనకొకటి, ఊచ పట్టుకునే కుర్రాడికి మరొకటి.