టెలిఫోను తీగ నుంచి మా హాలు దాకా: ఈక్వలైజర్ కథ

పోయిన సంక్రాంతికి ముచ్చటపడి ఒక సబ్‌ఊఫర్ కొన్నాను. మా హాలు పొడవు 12 అడుగులు. ఒక గోడకి టీవీ, దాని కింద సబ్‌ఊఫర్, సరిగ్గా హాలు మధ్యలో సోఫా. తెర మీద బాంబు పేలుతుంటే నాకు తడిసిన టపాకాయ తుస్సుమన్నట్టు వినిపించేది. వాల్యూం పెంచితే వెనక వంటింట్లోంచి అమ్మ "ఒరేయ్, గూట్లో గిన్నెలు మోగిపోతున్నాయిరా!" అని కేక. మూడో రోజు కింది వాటా పెద్దాయన పైకొచ్చి "ఏం బాబూ, ఈ వేళప్పుడు గ్రైండర్ వేస్తున్నారా?" అని అడిగాడు. అంటే డబ్బులు పోసి కొన్నవాడికి తప్ప అందరికీ వినబడుతోందన్నమాట!

ఇంజనీరింగు వెలగబెట్టాం కదా అని ఈక్వలైజర్‌లో 47 హెర్ట్జ్ దగ్గర 9 డెసిబెల్స్ పెంచాను. అంటే యాంప్లిఫయర్ మీద ఎనిమిది రెట్ల భారం. నా చెవికి ఏమీ మారలేదు గానీ కోను టపటపా కొట్టుకుంది. అసలు ఈ పరికరం ఎవరు, దేనికి కనిపెట్టారో చదవడం మొదలెట్టింది అప్పుడే.

ఇది పుట్టింది సంగీతం కోసం కాదు, టెలిఫోను కోసం. తీగ పొడుగయ్యేకొద్దీ మాటలో కీచుగా ఉండే భాగం ఎక్కువ అరిగిపోతుంది, బొంగురు భాగం కాస్త నయంగా చేరుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని సమం చేసే సర్క్యూట్ కాబట్టి ఈక్వలైజర్. 1930ల్లో ఆర్‌సీఏలో పనిచేసిన జాన్ వోక్‌మన్ దీన్ని సినిమా హాళ్ళ శబ్దం బాగుచెయ్యడానికి వాడాడు. ఈక్వలైజర్ ముట్టుకుంటే మైలపడిపోతామనే హైఫై మడివాళ్ళు ఈ సంగతి ఎందుకో మర్చిపోతారు.

గది సంగతి పట్టించుకున్న మనిషి ఇంకా ముందువాడు. 1895లో హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాల్లో పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక మాట అంటే అది ఐదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. దీన్ని బాగుచెయ్యమని వాలెస్ సబైన్ అనే కుర్ర ప్రొఫెసర్‌కి అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు మోయించుకొచ్చి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, ఆ శబ్దం ఎంతసేపటికి చచ్చిపోతుందో తన చెవితోనే విని లెక్క రాసుకునేవాడు. తెల్లారేసరికి మెత్తలు మళ్ళీ యథాస్థానానికి! ఆ లెక్కల మీద కట్టిందే 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్.

ఈ రెండు కథలూ కలిసింది 1960ల్లో. టెక్సస్ విశ్వవిద్యాలయంలో సి.పి. బోనర్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఉండేవాడు. ఆడిటోరియంలో మైకు కుయ్యిమని అరిచేది ఆ గది ఎక్కువగా మోగే కొన్ని పౌనఃపున్యాల దగ్గరే కదా, ఆ ముక్కల్ని మాత్రమే సన్నటి ఫిల్టర్లతో కోసేశాడాయన. గమనించండి, కొయ్యడమే, పెంచడం లేదు. 1967లో ఆల్టెక్ కంపెనీ ఇదే దారిలో 'అకౌస్టా-వాయిసింగ్' తెచ్చింది. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ పారామెట్రిక్ ఈక్వలైజర్ గురించి పేపరు చదివాడు: ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున అన్న మూడూ మన చేతిలోనే.

1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమా సెన్సరౌండ్‌తో కుర్చీలు వణికించింది. 1992లో 'బ్యాట్‌మన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ వచ్చింది, ఆ తర్వాత ఆ 5.1 ఇళ్ళల్లోకీ దిగింది. 2000ల్లో కొందరు ఔత్సాహికులు బెరింజర్ ఫీడ్‌బ్యాక్ డిస్ట్రాయర్ అనే చవక పెట్టెని తెచ్చి సబ్‌ఊఫర్‌కి తగిలించారు. అది స్టేజీ మీద మైకు కుయ్యిమనకుండా చేసిన పెట్టె. అంటే బోనర్ గారి మందే, రోగి మారాడంతే!

ఇక నా తప్పు. శబ్దం సెకనుకి దాదాపు 1130 అడుగులు వెళ్తుంది. దాన్ని హాలు పొడవుకి రెట్టింపు, 24తో భాగిస్తే 47 హెర్ట్జ్. ఆ అల గోడల దగ్గర గరిష్ఠం, సరిగ్గా మధ్యలో సున్నా. గిన్నెల గూడు గోడకి, నేను సున్నాలో! అక్కడ ఎంత పెంచినా వచ్చే అలా తిరిగొచ్చే అలా కలిసే పెరుగుతాయి, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సున్నాని ఎనిమిదితో గుణిస్తే ఏమొస్తుంది?

సోఫా నాలుగడుగులు వెనక్కి జరిపాను. ఇప్పుడు 47 దగ్గర గుట్టలా లేచింది. దాన్ని సన్నటి ఫిల్టర్‌తో 7 డెసిబెల్స్ కోశాను. బాంబు బాంబులా పేలింది, గిన్నెలు కిమ్మనలేదు. పెద్దాయన మళ్ళీ పైకి రాలేదు.

2002లో హార్మన్ సంస్థలో టాడ్ వెల్టి ఇంకో పేపరు రాశాడు. నాలుగు గోడల మధ్యల్లో ఒక్కోటి చొప్పున నాలుగు సబ్‌ఊఫర్లు పెడితే అన్ని సీట్లలోనూ శబ్దం దాదాపు ఒకేలా వస్తుందని. ఆ సంగతి ఇంకా అమ్మకి చెప్పలేదు.