నాలుగు మూలల నుంచి పాట

మనలాగే స్వర్ణోత్సవం చేసుకున్న ఒక సంగీత రికార్డు గురించి ఈ వ్యాసం. ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' అనే రాక్ ఆల్బమ్ అది. 2023లో దాన్ని డాల్బీ అట్మాస్ పద్ధతిలో, అంటే చుట్టూ, తలపైన కూడా స్పీకర్లు పెట్టుకుని వినేలా మళ్ళీ విడుదల చేశారు. గాయకులు మళ్ళీ పాడలేదు, వాద్యకారులు మళ్ళీ వాయించలేదు. మరి యాభై ఏళ్ళ నాటి పాట ఇప్పుడు మన వెనక నుంచి, పైనుంచి ఎలా వినిపిస్తోంది? నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాను, ఇంజనీరును. ఈ ప్రశ్న వెంటపడి కొన్నేళ్ళుగా విన్నదీ చదివిందీ మీతో పంచుకుంటాను.

జవాబు టేపులో ఉంది. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఈ ఆల్బమ్‌ను 16 ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. డ్రమ్ములు కొన్ని ట్రాకుల్లో, గిటార్ ఒకదానిలో, గొంతు మరొకదానిలో. కూరగాయలన్నీ తరిగి వేర్వేరు గిన్నెల్లో పెట్టుకోవడం లాంటిదన్నమాట. తరువాత వాటిని పాళ్ళు చూసి కలిపి, కుడి ఎడమ రెండు చానళ్ళ స్టీరియోగా చేస్తారు. దీన్నే మిక్సింగ్ అంటారు. పులుసు మరిగాక ముక్కలైతే ఏరగలం గాని ఉప్పును ఏరలేం. కలపకముందు గిన్నెలు దాచి ఉంచితే మాత్రం, ఎన్నేళ్ళకైనా అదే సరుకుతో మళ్ళీ వండుకోవచ్చు.

చుట్టూ శబ్దం వినిపించాలన్న ఆలోచన కంప్యూటర్ల కాలానిది కాదు. 1967 మే 12న లండన్ క్వీన్ ఎలిజబెత్ హాల్లో జరిగిన కచేరీలోనే పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు చేతి కర్ర తిప్పుతూ శబ్దాన్ని హాలు మూలలకు పంపే పరికరం వాడారు. 'డార్క్ సైడ్' ఇంజనీరు అలన్ పార్సన్స్. అందులోని 'టైమ్' పాట మొదట్లో ఒక్కసారిగా మోగే గడియారాలు, ఆయన అంతకుముందే నాలుగు చానళ్ళ శబ్దాన్ని ప్రదర్శించడం కోసం విడివిడిగా రికార్డు చేసుకున్నవి. స్టీరియోతోపాటు ఈ ఆల్బమ్‌కు నాలుగు చానళ్ళ 'క్వాడ్రఫోనిక్' మిక్స్ కూడా ఆయనే చేశారు.

అయితే ఆ పద్ధతి నిలవలేదు. కారణం కంపెనీల మధ్య పొత్తు లేకపోవడమే. సీబీఎస్ వారిది ఎస్‌క్యూ, సాన్సుయి వారిది క్యూఎస్, జేవీసీ వారిది సీడీ-4. ఒకదాని రికార్డు మరొకదాని యంత్రంలో సరిగ్గా పలకదు. మొదటి రెండూ నాలుగు చానళ్ళను రెండింటిలో కలిపి పంపి, ఇంట్లో మళ్ళీ విడదీయాలనుకున్నాయి. విడదీత సరిగ్గా కుదరక వెనక మూలలో శబ్దం ముందు మూలలోకీ చొరబడేది. మూడోదాన్ని చదవడానికి షిబాటా అనే ప్రత్యేకమైన ముల్లు కావలసి వచ్చింది. 1970ల చివరికల్లా క్వాడ్ కనుమరుగైంది. ఆ ముల్లు మాత్రం మామూలు స్టీరియో రికార్డులకు నేటికీ వాడుకలో ఉంది.

రెండో ప్రయత్నం పాతికేళ్ళ తరువాత. 1999లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు సూపర్ ఆడియో సీడీని తెచ్చాయి. మరుసటి ఏడాది డీవీడీ-ఆడియో వచ్చింది. క్వీన్ బృందం 'ఎ నైట్ ఎట్ ది ఆపెరా' 2002లో డీవీడీ-ఆడియోగా, 'డార్క్ సైడ్' 2003లో సూపర్ ఆడియో సీడీగా 5.1 చానళ్ళలో వచ్చాయి. రెండోదానికి కొత్త మిక్స్ చేసింది జేమ్స్ గుత్రీ. పార్సన్స్ చేసిన 1973 నాటి క్వాడ్ మిక్స్ 2011లో పెద్ద పెట్టెతో వెలువడింది. 38 ఏళ్ళ తరువాత, ఆ నాలుగు చానళ్ళనూ కలగాపులగం కాకుండా మళ్ళీ ఇంట్లో వినే వీలు కలిగింది.

వీటిని 'హై రిజల్యూషన్' అంటారు. సీడీలో సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కొక్కటి 16 బిట్లు. డీవీడీ-ఆడియోలో సాధారణంగా 96,000 నమూనాలు, 24 బిట్లు. అంకెలు ఘనంగానే ఉన్నాయి. కానీ మన చెవి వినగలిగేది సుమారు 20,000 హెర్ట్జ్ వరకే, సీడీ అంతవరకూ అందుకుంటుంది. నా మాట అడిగితే, ఈ పునర్విడుదలల్లో అసలు లాభం అంకెల్లో లేదు. విడివిడి ట్రాకుల దగ్గరకు తిరిగి వెళ్ళడంలో ఉంది.

బీటిల్స్ కథ చూస్తే ఇది తెలుస్తుంది. 1967లో 'సార్జంట్ పెప్పర్స్' ఆల్బమ్‌ను నాలుగు ట్రాకుల యంత్రాల మీద చేశారు. నాలుగూ నిండితే వాటిని కలిపి మరో టేపులో ఒకటి రెండు ట్రాకులుగా ఎక్కించి, మిగిలిన చోట కొత్తవి చేర్చేవారు. అలా ఎక్కించిన ప్రతిసారీ రొద పెరుగుతుంది, స్పష్టత తగ్గుతుంది. అయినా వాళ్ళు మొదటి టేపులను పారేయలేదు. అందుకే 2017లో జైల్స్ మార్టిన్ వాటి దగ్గరకే వెళ్ళి కొత్త మిక్స్ చేయగలిగాడు. 'రివాల్వర్'లో 'టాక్స్‌మన్' పాటకైతే గిటారు, బేసు, డ్రమ్ములు మొదటి నుంచీ ఒకే ట్రాకులో ఉన్నాయి. పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన సాఫ్ట్‌వేర్ సాయంతో వాటిని వేరుచేసి, 2022లో విడుదల చేశారు. పులుసులోంచి ఉప్పు తీసినట్టే!

టేపుకు ఆయుష్షు తక్కువ. 1970ల నాటి కొన్ని రకాల టేపుల్లో, పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలో తేమ పీల్చుకుని బంకలా అవుతుంది. వాటిని సుమారు 54 డిగ్రీల సెల్సియస్ వేడిలో గంటల తరబడి ఆరబెడితే కొన్ని వారాలపాటు పలుకుతాయి. ఆలోగా కాపీ చేసుకోవాలి. 2008 జూన్‌లో హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో జరిగిన అగ్నిప్రమాదంలో మాస్టర్ టేపులు దాచిన గిడ్డంగి కాలిపోయింది. నష్టం ఎంతన్న దానిపై వివాదం ఉంది గాని, కాలిపోయిన టేపును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

'పాతదాన్ని ఎందుకు కదిలించాలి?' అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. కింగ్ క్రిమ్సన్ ఆల్బములను 2009 నుంచి 5.1లోకి మార్చిన స్టీవెన్ విల్సన్ పద్ధతి నాకు నచ్చుతుంది. ముందు పాత స్టీరియో మిక్స్‌ను వీలైనంత దగ్గరగా తిరిగి కట్టి, ఆపైనే చుట్టూ విస్తరిస్తాడు. ఆ డిస్కుల్లో పాత మిక్స్ కూడా పక్కనే ఉంటుంది. పాతది ఉంచి కొత్తది చేరిస్తే అది చరిత్రకు సేవ. పాతది తీసేసి కొత్తది పెడితే చరిత్రను చెరిపినట్టే.

మన సంగతికొస్తే, 1950, 60ల తెలుగు సినిమా పాటలు ఎక్కువగా మద్రాసు స్టూడియోల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి చేయగా, ఒకే ట్రాకులోకి చేరినవి. ఏరుకోవడానికి విడి గిన్నెలు లేవు. అలాంటప్పుడు ఉన్న ఆ ఒక్క టేపే మనకు మూలం.

మిత్రులకూ, గురువులకూ ఒక విన్నపం. బడి వార్షికోత్సవాలు, నాటకాలు, వీడ్కోలు సభలు రికార్డు చేసిన క్యాసెట్లు మీ ఇళ్ళ అటకల మీద ఉండవచ్చు. సెల్‌ఫోన్‌లోకి ఎక్కించుకున్నామని అసలు క్యాసెట్టు పారేయకండి. పెట్టె మీద సంవత్సరం, సందర్భం, అందులో వినిపించే గొంతులెవరివో రాసి పొడిచోట దాచండి. ఈ రోజు గరగర తప్ప ఏమీ వినిపించకపోవచ్చు. మన మాస్టార్ల గొంతుల్ని అందులోంచి శుభ్రంగా వేరుచేసే పని రేపు మన పిల్లలు చేయగలరు, మనం మూలం మిగిల్చితే.