అమరావతి స్తూపం: మెకంజీ చిత్రాల సాక్ష్యం

అమరావతి శిల్పులు పద్మాలను, పూలతీగలను, ఏనుగులను, బోధివృక్షాన్ని పల్నాటి సున్నపురాతిలో మలిచారు. కాలిస్తే సున్నమయ్యే ఆ రాతి గుణమే తరువాతి కాలంలో శిల్పాలకు ముప్పు తెచ్చింది. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ పట్టణం నిర్మించినపుడు, స్థానికులు దీపాలదిన్నె అని పిలిచిన స్తూపపు దిబ్బను రాతికోసం తవ్వారు. కొన్ని ఫలకాలు కట్టడాలలో చేరాయి. కొన్నింటిని కాల్చి సున్నం చేశారు. ఆ దిబ్బను మునుపు ఒకసారి చూసిన కాలిన్ మెకంజీ 1816లో తిరిగివచ్చి, మిగిలిన ఫలకాలను తన చిత్రకారులచేత గీయించాడు. ఆ చిత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్నింటి మూలఫలకాలు నేడు కనిపించవు. అక్కడి పద్మానికి, తీగకు కాగితంపై గీతలే ఆధారం. అందువల్ల ఈ చిత్రాలను శిల్పాల నకళ్ళుగా చూడడం చాలదు. 1816 నాటికి ఏది మిగిలిందో, ఆ తరువాత ఏది నశించిందో తేల్చే చారిత్రక పత్రాలుగా వాటిని చదవాలి.