రాజుకూ ఊరికీ నడుమ: మన్యపు ముఠాదార్లు

విశాఖ మన్యంలో ముంచింగిపుట్టు మండలం అంచున పారే మాచ్‌ఖండ్ నదిని పూర్వం మత్స్య నది అనేవారు. ఆ నదిలో ఒక రాజవంశం పుట్టిందని 1269 నాటి దిబ్బిడ తామ్రశాసనం చెబుతోంది. ఒక మునికీ మంజుఘోష అనే అప్సరసకూ ముడిపెట్టి, నడుమ ఒక చేపను తెచ్చి, సత్యమార్తాండుడనే మూలపురుషుణ్ణి పుట్టించారు. ఉత్కళ రాజు జయత్సేనుడు ఆయనకు కూతురినిచ్చి, ఒడ్డాది సీమను ఏలుకోమన్నాడట. వాళ్లే ఒడ్డాది మత్స్యులు.

చేప సంగతి పక్కన పెట్టి చదివితే ఈ కథ చాలా లౌకికమైనది. కొండల్లో ఒక బలవంతుడున్నాడు. మైదానపు పెద్ద రాజు అతనికి పిల్లనిచ్చాడు, అధికారమిచ్చాడు. పైవాడి గుర్తింపు, కిందివాళ్ల ఒప్పుదల రెండూ ఉన్నంతకాలమే దొరతనం నిలిచింది. తర్వాతి ఏడు వందల ఏళ్ల మన్యం చరిత్రలో పేర్లు మారాయి గానీ ఈ సూత్రం పెద్దగా మారలేదు.

పదిహేనో శతాబ్దంలో నందపురంలో వినాయకదేవుడి వంశం పాగా వేసింది. ముప్పై రెండు మెట్ల సింహాసనానికి పేరుపొందిన ఊరది. పదిహేడో శతాబ్దంలో రాజధాని జయపురానికి మారింది. ఇంత పెద్ద అడవిని రాజు నేరుగా ఏలలేడు. జ్వరాలు, కనుమలు, నెలల తరబడి వానలు. అందుకే కొన్ని ఊళ్లను కలిపి ఒక ముఠాగా చేసి, దాన్ని వంశపారంపర్యంగా ఒక కుటుంబం చేతికిచ్చే పద్ధతి ఈ కొండల్లో పాతుకుంది. ఆ కుటుంబ పెద్ద ముఠాదారు. ఊళ్ల నుంచి శిస్తు వసూలు చేయడం, అందులో కట్టుబడి, అంటే నిర్ణీత మొత్తం, పైకి కట్టడం, తగవులు తీర్చడం, అవసరమైతే విల్లంబుల మనుషులను పంపడం అతని పని. దసరాకు రాజుగారి కోటకు వెళ్లి హాజరు వేయించుకోవడమూ కొలువులో భాగమే.

అతని కింద ప్రతి ఊరికీ ఒక నాయుడు, కబురు మోసే బారికి, ముహూర్తం చెప్పే దిసారి, పూజారి ఉండేవారు. ముఠాదార్లలో ఎక్కువమంది భగతలు. మైదానంలో తాము సైనికుల జాతి అని చెప్పుకునే భగతలు కొండమీద దొరలు, పడాల్లు అయ్యారు. పొరజలు, గదబలు, కోందులు శిస్తు కట్టేవాళ్లయ్యారు, బారికి పని వాల్మీకుల వంతు వచ్చింది. గిరిజన సమాజంలో హెచ్చుతగ్గులు లేవనే మాట మైదానంలో కూర్చుని అనుకోవడానికి బాగుంటుంది.

1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం పూసపాటి విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో హతుడయ్యాక కొండ సంస్థానాలు నేరుగా కంపెనీ కిందికి వచ్చాయి. 1802 శాశ్వత శిస్తు నిర్ణయం జమీందార్లు కట్టాల్సిన పేష్కష్‌ను ఖరారు చేసింది. ముఠాదార్ల మాటే అందులో సరిగ్గా లేదు. కంపెనీ లెక్కలో భూమికి ఒక యజమాని ఉండాలి, అతను పన్ను కట్టాలి, కట్టకపోతే ఎస్టేటు వేలం వేయాలి. కొండల లెక్క వేరు.

ఆ రెండు లెక్కలూ గొలుగొండలో ఢీకొన్నాయి. 1836లో జమీందారీని జమ్మ దేవమ్మకు కట్టబెట్టారు. కొండ ముఠాదార్లను అడగలేదు. వాళ్ల దృష్టిలో తమ సమ్మతి లేని పాలకురాలు పాలకురాలే కాదు. ఆమెను చంపేశారు. మరుసటి ఏడు శిస్తు బకాయిల కింద ఎస్టేటు వేలానికి వస్తే ప్రభుత్వమే కొనుక్కుంది. అంతటితో అయిపోలేదు. 1845 నుంచి 1848 దాకా, మళ్లీ 1857-58లో గొలుగొండ పాత జమీందార్లైన భూపతుల వంశంలో ఎవరినో ఒకరిని ముందు పెట్టి ముఠాదార్లు పితూరీలు చేస్తూనే వచ్చారు. ఒక స్త్రీ హత్యను సమర్థించలేం. కానీ ఆ హత్య వెనుక ఉన్న రాజకీయం స్పష్టం: రాజును నిలబెట్టే హక్కు తమదని వాళ్లు నమ్మారు, కాగితం మీద సంతకంతో ఆ హక్కు పోతుందని ఒప్పుకోలేదు.

రంపలో తగవు కల్లు దగ్గర ముదిరింది. అక్కడ ముఠాదార్ల మీద మన్సబుదారు ఉండేవాడు. అతను చెట్టుకల్లు మీద చిగురుపన్ను గుంజేవాడు. దానికి తోడు 1870లలో కొత్త అబ్కారీ నిబంధనలు వచ్చి, కల్లు వసూళ్లు గుత్తేదార్ల పాలయ్యాయి. ప్రజల తాగుడు మీద పన్నుతో ఎదిగిన వంశాలు ఇక్కడే కాదు, వేరే చోట్లా ఉన్నాయి. ఫ్లాండర్స్‌లోని బ్రూజ్ నగరంలో గ్రూట్‌హూసె అనే కుటుంబం బీరులో కలిపే మూలికల మిశ్రమంపై పన్ను హక్కుతో సంపన్నమైంది. పదిహేనో శతాబ్దంలో, దేశం విడిచి పారిపోయి వచ్చిన ఇంగ్లండు రాజుకే ఆతిథ్యమిచ్చింది. వాళ్ల భవనం ఇప్పుడు మ్యూజియం. రంప మన్సబుదారుకు ఆ భాగ్యం లేదు. 1879లో కొండలు భగ్గుమన్నాక ప్రభుత్వం అతణ్ణి తొలగించి, ముఠాదార్లకు నేరుగా సనదులిచ్చింది.

ముఠాదార్లు గెలిచినట్టే కనిపించారు. నిజానికి అక్కడే ఓడిపోయారు. సనదు ఇచ్చిన చేయి దాన్ని వెనక్కి తీసుకోగలదు. 1882 అడవి చట్టం తర్వాత పోడుకు ఆంక్షలొచ్చాయి. రోడ్లకు కూలీలను తేవడం, అధికారుల సామాన్లకు మోతగాళ్లను కుదర్చడం దొర బాధ్యత అయింది. ఒకప్పుడు రాజుకు సైనికులను పంపిన ఇల్లు తహసీల్దారుకు వెట్టివాళ్లను పంపసాగింది. ఆ బరువు మోసింది దొర భుజం కాదు, కింద ఉన్న పొరజ, కోందు భుజాలు.

1922-24 పోరాటాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం గంతం దొర భట్టిపనుకుల మునసబు పదవి పోగొట్టుకున్నవాడు. ఎండు పడాల్, వీరయ్య దొర పేర్లలోనే వాళ్ల స్థాయి తెలుస్తుంది. స్థానం జారిపోతున్న పెద్ద కుటుంబాల కోపం, పోడు కోల్పోయిన రైతు కోపం ఒకచోట కలిశాయి. అందరు ముఠాదార్లూ సీతారామరాజు వైపు నిలవలేదు, కొందరు సర్కారు పక్షాన ఉన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో దొరలంటే తిరుగుబాటుదార్లే. వెట్టి చేయించిన దొర అక్కడ కనిపించడు.

జయపురం రాజులు మరో దారి పట్టారు. 1931లో గద్దెనెక్కిన విక్రమదేవ వర్మ తెలుగు, ఒడియా రెండింటా పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్స్ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఆ లక్షల మూలం కొండల శిస్తే అన్నది విశాఖలో ఎవరూ గుర్తు చేసుకోరు. 1936లో ఒడిశా ఏర్పడి జయపురం అటు వెళ్లింది, ముంచింగిపుట్టు వైపు ఊళ్లు ఇటు మిగిలాయి. 

జమీందారీలు 1948 చట్టంతో పోయినా ముఠాలు ఇంకో ఇరవై ఏళ్లు నిలిచాయి. 1969 నాటి ముఠాల రద్దు రెగ్యులేషన్ వాటిని రైత్వారీలోకి మార్చింది. మరుసటి ఏడే వచ్చిన 1/70 భూ బదలాయింపు రెగ్యులేషన్ గురించి మన్యంలో తెలియనివాళ్లు ఉండరు. ముఠాల రద్దు గురించి మాత్రం చాలామందికి తెలియదు.

అప్పటికే ముఠాదార్ల, జమీందార్ల కుటుంబాలకు ఓట్ల దారి తెరుచుకుంది. గంతం దొర తమ్ముడు మల్లుదొర శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా లోక్‌సభకు వెళ్లాడు. కొత్తగా ఏర్పడ్డ అరకు స్థానానికి 2009లో తొలి ఎంపీ కురుపాం జమీందారీ కుటుంబానికి చెందిన వైరిచెర్ల కిశోర్ చంద్రదేవ్. కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రి కూడా అయ్యారు. 2019లో అదే స్థానంలో ఆయన్ను గొడ్డేటి మాధవి రెండు లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించారు. ఆమె అంతకుముందు వ్యాయామ ఉపాధ్యాయురాలు, కమ్యూనిస్టు ఎమ్మెల్యేగా పనిచేసిన గొడ్డేటి దేముడు కూతురు.